గండి

రాత్రి రెండుంపావుకి కేజీహెచ్ క్యాజువాలిటీలోకి
నడిచే వచ్చాడు మైలపల్లి పోలిరాజు.
నడిచే వచ్చాడు. ముందు ఆ మాట రాయండి.
ఇరవై రెండేళ్ళు. పెదజాలరిపేట.
జిమ్ములో చెక్కిన కండలు, వాటి మీద పచ్చటి చెమట,
నలుగు పెట్టించుకుని మధ్యలో లేచొచ్చినట్టు.

"ఒల్లు సూడమ్మా, పెనం నాగుంది" అంది వాళ్ళమ్మ ఎర్రయ్యమ్మ.
థర్మామీటరు నూట ఆరు దాటి చూపించింది.
పారాసిటమాల్ ఎక్కించాం.
తాళం వేసిన ఇంటికి వెళ్ళిన పోస్ట్‌మాన్‌లా
ఊరికే తిరిగొచ్చింది.
జ్వరమైతే లోపల ఎవరో ఒకరు తలచుకుని మంట రాజేస్తారు.
ఆర్పమంటే ఆర్పుతారు.
ఇక్కడ ఎవరూ లేరు.

జేబులో పొట్లం. పేరు లేని క్యాప్సూళ్ళు, లోపల పసుపు పొడి.
"కొవ్వు కరుగుతాదన్నారు మేడం.
ఆదివారం పోటీలు."

నేను పెరిగింది సీలేరు పవర్‌హౌస్ క్వార్టర్సులో.
నాన్న టర్బైన్ ఆపరేటరు.
చారన్నం కలుపుతూ కూడా అదే గోల:
"నీళ్ళు ఊరికే దిగితే ఏముందే, బండలు తడుస్తాయి.
చక్రం తిప్పి దిగితేనే దీపం."
నర్సింగ్ కాలేజీలో మైటోకాండ్రియా బొమ్మ గీసినప్పుడు
క్లాసంతా బట్టీ పట్టింది,
నేను మా ఊరు చూసుకున్నాను.
ఒక గట్టు. గట్టుకి ఇవతల కిక్కిరిసిన ప్రోటాన్లు.
దిగడానికి తూము, తూములో తిరిగే చక్రం.
కణానికి వందల సీలేర్లు.
కనురెప్ప ఎత్తాలన్నా కరెంటు అక్కణ్ణించే.

కొన్ని విషాలు చక్రాన్ని పట్టుకుని ఆపేస్తాయి.
కొన్ని నీళ్ళు ఎత్తిపోసే మోటార్లనే ఆపేస్తాయి;
సయనైడు ఆ జాతి,
గుండెల నిండా గాలుండగానే ఊపిరాడనివ్వదు.
ఈ పసుపు పొడి దేన్నీ ఆపదు.
మర్యాదగా వస్తుంది.
ప్రోటాన్లని ఒక్కొక్కటే చంకనెత్తుకుని
గట్టులోంచి దొడ్డిదారిన దాటించేస్తుంది,
మళ్ళీ వస్తుంది, మళ్ళీ ఎత్తుకుంటుంది.
నీళ్ళు దిగుతూనే ఉంటాయి, చక్రం తిరగదు.
చెరువు ఖాళీ అవుతోందని ఒళ్ళు కంగారుపడి
తిన్నదీ దాచిందీ పొయ్యిలో పోసి ఇంకా తోడుతుంది.
వెలుగు రాని వేడి.

కొవ్వు కరిగింది నిజమే. వాడికి అబద్ధం చెప్పలేదెవరూ.

ఆస్పత్రి ఐసు చాల్లేదు.
అన్న తాతారావు ఫిషింగ్ హార్బరుకి పోయి
ఆటోలో నాలుగు డబ్బాల పొడి ఐసు తెచ్చాడు.
వంజరం పొలుసులు అంటుకునే ఉన్నాయి దానికి.
చంకల్లో, మెడ చుట్టూ, తొడల మధ్య కూరాం.
సముద్రంలోంచి తీసిందాన్ని కుళ్ళకుండా కాసే ఐసు
వాడి మీద పది నిమిషాలు కూడా నిలవలేదు.

మూడున్నరకి అడిగాడు,
"ఆదివారం నాటికి తగ్గుతాదా?"
వేడి సంగతో, బరువు సంగతో నాకు అర్థం కాలేదు.
తలూపాను.

ఆ తర్వాత దవడలు బిగిశాయి.
కండ బిగియడానికే కరెంటు కావాలనుకుంటాం,
పట్టు వదలడానికీ కావాలి.
నా వేళ్ళు వాడి గుప్పిట్లో ఉండిపోయాయి,
డాక్టరుగారు ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది.
అయిదూ నలభై.

నా చేతికి ఆ నొప్పి మధ్యాహ్నం దాకా ఉంది.

మంచం కింద కరిగిన నీళ్ళు
వరండా దాటి, మెట్లు దిగి,
కేజీహెచ్ డౌన్ పక్క కాలవలో కలిశాయి,
ఏ చక్రమూ తిప్పకుండా.

ఎర్రయ్యమ్మ వాడి ఛాతీ మీద చెయ్యి తియ్యట్లేదు.
"సరిగ్గా సూడండమ్మా,
ఇంకా ఇంత ఎచ్చగుంటే
పోనాడంటారేటి?"